చంద్రుణ్ణి ఆర్పిన బొక్కెన

కాపురానికి వచ్చిన ముప్ఫై ఎనిమిదేళ్ళలో గోదెలీవ్ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అబద్ధం ఆడవలసిన సమయం దగ్గర పడగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది, అంతే.

ఆ సమయం ఏడాదికొకసారి, జనవరి చివరి ఆదివారం మధ్యాహ్నం వచ్చేది. ఆ రోజు మెఖెలెన్ ఊళ్ళో దె లాత్ వారింట చుట్టాలందరూ చేరేవారు. భోజనాలయ్యాక ఆమె భర్త ఒమేర్ గొంతు సవరించుకుని, మూడు వందల ఏళ్ళ నాటి సంగతిని నిన్న సాయంత్రం జరిగినట్టు మొదలుపెట్టేవాడు. 1687 జనవరి. మంచు కమ్మిన రాత్రి. సారాయి దుకాణంలోంచి తూలుతూ బయటపడ్డవాడెవడో తలెత్తి చూస్తే సెయింట్ రోంబౌట్ గుడి గోపురం ఎర్రగా వెలిగిపోతోంది. “మంటలు! మంటలు!” అని అరిచాడు. ఊరంతా లేచింది. గోపురం మెట్ల మీద జనం వరస కట్టి, ఒకరి చేతి నుంచి ఒకరు నీళ్ళ బొక్కెనలు అందుకున్నారు. ఐదు వందల పైచిలుకు మెట్లు. ముందున్నవాళ్ళు రొప్పుతూ పైకి చేరబోయేసరికి మంచు విడిపోయింది. గోపురం వెనక నుంచి చంద్రుడు నిదానంగా పక్కకు జరిగి, ఏం పని మీద వచ్చారు నాయనా అన్నట్టు చూశాడు.

సంగతి బయటికి పొక్కకూడదని ఊరంతా ఒట్టేసుకున్నారట. తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలిసిపోయింది. అప్పటి నుంచి మెఖెలెన్ వాళ్ళకు ‘చంద్రుణ్ణి ఆర్పేవాళ్ళు’ అనే పేరు స్థిరపడింది. మొదట్లో ఆ పేరు వింటే కొట్లాటకు దిగేవారు. ఇప్పుడు ఎవరైనా అనడం మరిచిపోతే చిన్నబుచ్చుకుంటారు.

మా తాత ఫలానా యుద్ధంలో ముందు నడిచాడని చెప్పుకునే వంశాలు లోకంలో చాలా ఉన్నాయి. దె లాత్ వాళ్ళు మాత్రం తమ పూర్వీకుడు కోర్నెలిస్ ఆ మెట్ల మీద అందరికంటే ముందున్నాడని చెప్పుకునేవారు. అంటే ఊళ్ళోకెల్లా ముందుగా మోసపోయినవాడు తమవాడేనని. సాక్ష్యానికి అటక మీద నుంచి నల్లటి తోలు బొక్కెన ఒకటి దించి బల్ల మీద పెట్టేవారు.

“ఇదిగో, ఆ బొక్కెన ఇదే,” అనేవాడు ఒమేర్.

ఆ మాటకు సరిగ్గా ఒక్క క్షణం ముందు గోదెలీవ్‌కు వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చేది.

ఎందుకంటే ఆ బొక్కెన అది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, దేవుడికి తెలుసు. ఒకప్పుడు ఆమె పాపసంకీర్తనం విన్న ముసలి ఫాదర్‌కు తెలుసు గాని, ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. ఇంటికి కొత్తగా వచ్చిన అల్లుడో కోడలో ఆ బొక్కెన నిండా నీళ్ళు పోసుకుని, కింది నేలమాళిగ నుంచి అటక దాకా నలభై మూడు మెట్లు ఎక్కి, పైకప్పు కిటికీ తెరిచి నీళ్ళు బయటికి విసిరి, “ఆరిపోయింది!” అని కేకెయ్యాలి. చంద్రుడు ఉన్నాడా లేడా అన్నది లెక్కలోకి రాదు. దిగి వచ్చాక అందరూ వాళ్ళ బూట్లు చూస్తారు.

గోదెలీవ్ పుట్టింది ఆంట్వెర్ప్‌లో. రైల్లో అరగంట దూరమైనా, మెఖెలెన్ వాళ్ళ లెక్కలో అది గర్విష్ఠుల ఊరు. కాపురానికి వచ్చిన రోజునే ఆడబిడ్డ మార్సెలీన్ ఆమెకు ‘దొరసాని’ అని పేరు పెట్టింది. తన వంతు ఆచారానికి పది రోజులుందనగా ఈ దొరసాని అటక మీదికి వెళ్ళి బొక్కెన చూసింది. బూజు, దుమ్ము, లోపల చచ్చిన ఈగలు. అత్తవారి పరువైన వస్తువును ఇలా ఉంచుతారా అనుకుంది. కిందికి తెచ్చి, వేడివేడి నీళ్ళు నిండా పోసి, సబ్బు వేసి తోమి, తొందరగా ఆరాలని పొయ్యి పక్కన పెట్టింది. సాయంత్రానికి బొక్కెన ముడుచుకుపోయి, కుట్లు విడిపోయి, ఎండిన పుట్టగొడుగులా తయారైంది.

ఆ శుక్రవారం పుట్టింటికి వెళ్ళొస్తానని చెప్పి ఆంట్వెర్ప్ శుక్రవారం సంతకు పోయింది. అక్కడ పాత సామాన్ల వేలంలో అదే ఎత్తు, అదే నలుపు తోలు బొక్కెన దొరికింది. పోయినవి దొరికించే పునీత అంతోనివారికి కొవ్వొత్తి వెలిగించి, దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని రైలెక్కింది. ఆ ఆదివారం దాన్ని నిండుగా నింపి నలభై మూడు మెట్లూ ఎక్కింది. ఒక్క చుక్క కారలేదు. మామగారు ఆమె పొడి బూట్లు చూసి కళ్ళు తుడుచుకుని, “బొక్కెనకి ఇన్నాళ్ళకి తగిన చెయ్యి దొరికింది,” అన్నాడు.

ఫాదర్ దగ్గర అంతా చెప్పుకున్నప్పుడు జాలీ తెర వెనక నుంచి చాలాసేపు దగ్గు వినిపించింది. ఆయనా మెఖెలెన్ మనిషే. చివరికి, “దీనివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా అమ్మా?” అని అడిగాడు.

“ఎవరికీ లేదు ఫాదర్.”

“అయితే మరియమ్మకు మూడు మంగళవార్త జపాలు చెప్పుకో. వేడినీళ్ళ జోలికి మాత్రం పోకు.”

ముడుచుకుపోయిన పాత బొక్కెనను పారెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. దాన్ని బోర్లించి, మూతి దగ్గర కొంచెం కోసి, క్రిస్మస్‌కు పెట్టే పశువుల పాకలో గుహగా అమర్చింది. అప్పటి నుంచి ఏటా బాల యేసు ఆ తోలు గుహలోనే పవళిస్తున్నాడు. దేవుడికి అప్పగించిన వస్తువు కనక అది తన తప్పు కాదన్నట్టు కొంచెం సర్దుకుంది కూడా. మార్సెలీన్ ఏటా ఆ గుహను చూసి, “అచ్చం రాయిలాగే ఉందే, దేంతో చేశావే?” అని అడిగేది. గోదెలీవ్‌కు మళ్ళీ మాడు వాసన వచ్చేది.

ఈ ఏడాది మాత్రం వంటిల్లు కాపాడేలా లేదు.

నగర మ్యూజియం వాళ్ళు ‘మన ఇళ్ళలోని పాత వస్తువులు, వాటి కథలు’ అని ఒక ప్రదర్శన పెడుతున్నారు. దె లాత్ వారి బొక్కెనను చూడడానికి తీనెకె అనే అమ్మాయి సరిగ్గా ఆ ఆదివారమే వస్తానంది. ఒమేర్ వారం నుంచి కథను అద్దం ముందు సాధన చేస్తున్నాడు. గోదెలీవ్ వారం నుంచి పొద్దున్నే పూజకు వెళ్ళి వస్తోంది. ప్రభువా, నిజం బయటపడకుండా చూడమని అడగడం తప్పేమో. మరి నిజం చెప్పే ధైర్యమిమ్మని అడిగితే నిజంగానే ఇచ్చేస్తాడేమోనని భయం. అందుకని అటూ ఇటూ కాకుండా, “నీకు తోచినట్టు చెయ్యి, కాని కొంచెం నెమ్మదిగా చెయ్యి,” అని వేడుకుంది.

ఆదివారం భోజనాలయ్యాయి. నల్ల దుస్తుల్లో ఉన్న మార్సెలీన్ ఎప్పటిలాగే బల్ల చివర, భర్త నెస్టోర్ కూర్చునే కుర్చీ పక్కన కూర్చుంది. నెస్టోర్ పోయి మూడేళ్ళయినా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. గది మూలన పశువుల పాక ఇంకా ఉంది. ఫిబ్రవరి రెండున వచ్చే కొవ్వొత్తుల పండుగ దాకా ఆ ఇంట్లో దాన్ని తీయరు.

తీనెకె చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని బొక్కెనను పట్టుకుంది. ఒమేర్ కథ చెప్పాడు. “ఇదిగో, ఆ బొక్కెన ఇదే,” అన్నాడు. గోదెలీవ్ లేవబోయింది.

“కూర్చోవే,” అంది మార్సెలీన్. “నీ వంటింటికి ఇవాళ సెలవు. ఏటా ఈ ముక్క దగ్గరే లేస్తావ్. దొరసానికి మా మొదటి మూర్ఖుడంటే అంత చులకనా?”

“అది కాదు వదినా...”

“నా నెస్టోర్‌ని చూడు, పాపం, ఏటా ఇక్కడే కూర్చుని విన్నాడు. ఆయన మోసిన రోజున బూట్లలో కప్పలు ఈదాయి. అయినా సిగ్గుపడి లేచిపోయాడా?”

అందరూ నవ్వారు. ‘తడిబూట్ల నెస్టోర్’ అన్న పేరు ఆ ఇంట్లో బొక్కెనంత పాతది. గోదెలీవ్ కంటే ఆరేళ్ళ ముందు అల్లుడైన ఆయన, నలభై మూడు మెట్లూ నీళ్ళు ఒలకబోసుకుంటూ ఎక్కి, పైకి చేరేసరికి సగం బొక్కెన మిగిల్చాడు. ఆయన తర్వాత వచ్చిన కోడళ్ళూ అల్లుళ్ళూ అందరూ పొడి కాళ్ళతోనే దిగారు. ఆయనకు ముందు మోసిన అత్తగారు అప్పటికే పోయింది. అందుకని ఆ పేరు ఆయన ఒక్కడికే దక్కింది. ఆయన పెళ్ళిరోజుకు బహుమతిగా రబ్బరు బూట్లు, అరవయ్యో పుట్టినరోజుకు రబ్బరు బూట్లు. చివరికి శవపేటిక పక్కన కూడా ఎవరో చిన్న రబ్బరు బూట్లు పెడితే మార్సెలీన్ ఏడుస్తూ నవ్వింది.

తీనెకె ఒక చిన్న దీపం వెలిగించి బొక్కెన అడుగున అడ్డంగా పట్టింది. కాసేపు చూసింది. ఇంకా కాసేపు చూసింది.

“ఇక్కడ ఒక ముద్ర ఉందండీ,” అంది. “మైనం పేరుకుపోయి కనపడలేదు. కోట బొమ్మ... పైన రెండు చేతులు.”

కోట, రెండు చేతులు. అది ఏ ఊరి చిహ్నమో అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“ఆంట్వెర్ప్?” అన్నాడు ఒమేర్, నోట్లో పురుగు పడ్డవాడిలా.

“ఆంట్వెర్ప్ ఊరిదేనండీ. వయసు సంగతి తర్వాత చూడాలి.”

గోదెలీవ్ కళ్ళు మూసుకుంది. నెమ్మదిగా చెయ్యమంటే ఇదా ప్రభువా. చెప్పెయ్యాలి. ఒమేర్ మొహం చూడాలంటే భయంగా ఉంది. తన తాతలు వట్టి మూర్ఖులే అయినా, అసలైన మూర్ఖులని నమ్మిన మనిషి. అతని చేతిలోంచి అది లాక్కుంటే ఇంకేం మిగుల్తుంది? ఆమె పెదవులు విప్పింది, మూసుకుంది.

ఈలోగా మార్సెలీన్ బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

“దొరికాడు!”

“ఎవరు?”

“వాడే! ఆ తాగుబోతు! మూడు వందల ఏళ్ళుగా మనల్ని కదా అందరూ ఆడిపోసుకుంటున్నారు. సారాయి దుకాణంలోంచి తూలుకుంటూ వచ్చి ‘మంటలు, మంటలు’ అని అరిచింది ఎవడో ఎవరికైనా తెలుసా? తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఆంట్వెర్ప్ వాడు! మన ఊరికి వ్యాపారం మీద వచ్చాడు, మన బీరు తట్టుకోలేకపోయాడు, చంద్రుణ్ణి చూసి నిప్పనుకున్నాడు. వాడి బండిలోని బొక్కెనే ఇది. మన కోర్నెలిస్ పాపం వాడి చేతిలోంచి అందుకున్నాడు, అంతే. పరాయివాడి మాట నమ్మడం మంచితనం అవుద్ది గాని మూర్ఖత్వం ఎట్లా అవుద్ది?”

ఒమేర్ మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. “అక్కా, నిజమేనే! బండి ఉండే ఉంటుంది.”

“ఉండకపోతే నడిచొచ్చాడా? ఆంట్వెర్ప్ దొర నడుస్తాడా?”

“చంద్రుణ్ణి అంతకు ముందు చూసి ఉండడు,” అన్నాడు ఒమేర్ కొడుకు. “ఆంట్వెర్ప్‌లో ఎవరూ తలెత్తి పైకి చూడరుగా, అద్దంలోకే చూస్తారు.”

బల్ల చుట్టూ నవ్వులు. పావుగంటలో ఆ తాగుబోతుకు పెద్ద కడుపు, ముక్కు మీద పులిపిరి, ఈకల టోపీ వచ్చేశాయి. పేరు పెట్టడం ఒక్కటే మిగిలింది. తీనెకె మొహమాటంగా పుస్తకం తీసింది.

“రాసుకో అమ్మాయ్,” అంది మార్సెలీన్. “‘మొదట అరిచిన మూర్ఖుడు ఆంట్వెర్ప్ వాడు.’ పెద్దక్షరాల్లో.”

“రాయొద్దు,” అంది గోదెలీవ్.

ముప్ఫై ఎనిమిదేళ్ళు అంతరాత్మ చెప్పినా కదలని నోరు, పుట్టిన ఊరిని ఒక్క మాట అనేసరికి తెరుచుకుంది. తర్వాత ఈ సంగతి తలుచుకుని ఆమె చాలాసార్లు సిగ్గుపడింది. దేవుడు మనిషిని దార్లోకి తేవడానికి పుణ్యాన్నే వాడాలని ఏముంది, పొగరు చేతికందితే దాన్నే వాడతాడేమో. ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

“మా ఊరివాడెవడూ మీ చంద్రుణ్ణి చూసి నిప్పనుకోలేదు,” అంది. “ఆ బొక్కెన నేను తెచ్చాను. శుక్రవారం సంతలో కొన్నాను. పెళ్ళయిన ఏడాది.”

ఆమె లేచి మూలనున్న పాక దగ్గరికి వెళ్ళింది. సిలువ గుర్తు వేసుకుని, బాల యేసును రెండు చేతులతో ఎత్తి మరియమ్మ పక్కన గడ్డి మీద పడుకోబెట్టింది. గుహను తెచ్చి బల్ల మీద, బొక్కెన పక్కన తిరగేసి పెట్టింది. ముడుచుకుపోయిన తోలు, ఒక పక్క పాత ఇత్తడి కడియం, విడిపోయిన కుట్లు.

“మీది ఇదీ. నేను కడిగాను.”

“కడిగావా?” అన్నాడు ఒమేర్.

“వేడినీళ్ళతో. సబ్బేసి. శుభ్రంగా ఉంటుందనీ...” ఆమె విడిపోయిన కుట్టును దగ్గరికి నొక్కింది. “చెప్పడానికి భయమేసిందండీ. కొత్తగా వచ్చాను. మీ అక్క అప్పటికే దొరసాని అంటోంది.”

ఒమేర్ పాత బొక్కెనను వేలితో ముట్టుకున్నాడు. అతని కింది పెదవి వణుకుతోంది. ఏడవబోతున్నాడో నవ్వబోతున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

మార్సెలీన్ నవ్వడం లేదు. ఆమె ఆ విడిపోయిన కుట్ల వంకే చూస్తోంది.

“ఏమే గోదెలీవ్,” అంది మెల్లగా. ఆమె దొరసాని అనకపోవడం అదే మొదటిసారి. “నువ్వు నీళ్ళు పోశావు కదా. పోసిన వెంటనే ఏమైంది?”

“వెంటనే ఏం కాలేదు వదినా. పొయ్యి దగ్గర పెట్టాకే ముడుచుకుంది.”

“అది కాదు. నీళ్ళు నిలిచాయా?”

గోదెలీవ్ గుర్తు తెచ్చుకుంది. బల్ల మీద గుడ్డ పరిచింది. నీళ్ళు పోసింది. సబ్బు అందుకోవడానికి తిరిగేలోగా గుడ్డ తడిసింది, నేల తడిసింది. పక్కన వేరే గిన్నె పెట్టాల్సి వచ్చింది.

“లేదు,” అంది. “అడుగు కుట్టులోంచి కారిపోయాయి. నేనే ఏదో చేశాననుకున్నాను.”

“నువ్వేం చెయ్యకముందే కారింది.”

“కారింది.”

మార్సెలీన్ పక్కనున్న ఖాళీ కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది.

“అయితే ఆయన ఒలకబొయ్యలేదు,” అంది. “నలభై ఏళ్ళకి పైగా అన్నాను కదే. పెళ్ళికొచ్చినవాళ్ళ ముందు, మా పిల్లల ముందు, డాక్టరు ముందు కూడా అన్నాను. ‘ఈయన చేతిలో గ్లాసు పెట్టకండి, గది ఈదాల్సొస్తుంది’ అని. ఒకసారి నాతో అన్నాడు, ‘మార్సెలీన్, నేను జాగ్రత్తగానే పట్టుకున్నానే’ అని. నేను నవ్వాను.”

గోదెలీవ్ అక్కడే కుర్చీలో కూలబడింది. ఎవరికైనా నష్టం జరిగిందా అమ్మా? ఎవరికీ లేదు ఫాదర్. తనకు దొరికిన పొడి బూట్ల మెప్పు అంతా ఎవరి ఖాతాలోంచి వచ్చిందో అప్పుడు గాని తెలియలేదు. మూడు మంగళవార్తలకు తీరే తప్పు కాదు ఇది.

“వదినా, నన్ను తిట్టు,” అంది.

“తిడతాను, తొందరేముంది,” అని మార్సెలీన్ ముక్కు తుడుచుకుంది. అంతలో ఆమె భుజాలు కదిలాయి. ఏడుపే అనుకున్నారు అందరూ. “నిప్పు లేని చోట నీళ్ళు పోసింది,” అంది ఊపిరాడక. “ఒమేర్, చూశావా నీ పెళ్ళాం చేసిన పని? ఎక్కడా పొగ లేదు, నిప్పు లేదు. బుద్ధిగా అటక మీద కూర్చున్న బొక్కెన మీద పోసింది! ఇంతకాలం ఆంట్వెర్ప్ పిల్లని తెచ్చుకున్నామనుకున్నానురా, ఇది మనకంటే పెద్ద మెఖెలెన్ మనిషి!”

ఒమేర్‌కు కూడా అప్పుడు నవ్వొచ్చింది. నవ్వుతూనే భార్య చెయ్యి పట్టుకున్నాడు. “ముప్ఫై ఎనిమిదేళ్ళు,” అన్నాడు. “అన్ని మాడు వాసనలు! నేను నీ వంట గురించి బెంగపెట్టుకున్నానే.”

తీనెకె ముడుచుకున్న తోలును దీపం కింద తిప్పి చూసింది. ముద్ర ఉన్నా చెదిరిపోయింది, ఏ ఊరిదో ఏ ఏటిదో చెప్పలేనంది. అసలు ఇదైనా ఆ రాత్రి గోపురం ఎక్కిందో లేదో చెప్పలేనంది. ఒమేర్ కాస్త నొచ్చుకున్నాడు గాని గోదెలీవ్‌కు అందులో వింతేమీ కనిపించలేదు. బాల యేసు అంతకాలం అందులో పడుకున్నాడు, ఏ రోజూ దాని పుట్టుపూర్వోత్తరాలు అడగలేదు.

“రెండూ ఇవ్వగలరా?” అని అడిగింది తీనెకె.

“ఇస్తాం,” అంది మార్సెలీన్. “కాని ఇది కొవ్వొత్తుల పండుగ అయ్యాక. పసిబిడ్డని మధ్యలో లేపి ఇల్లు ఖాళీ చేయిస్తామా? చీటీ మాత్రం నేను చెప్పినట్టే రాయాలి. ‘ఆంట్వెర్ప్ బొక్కెన. ముప్ఫై ఎనిమిదేళ్ళలో చుక్క కారలేదు.’ రెండోదానికి, ‘మెఖెలెన్ బొక్కెన. మొదటి నుంచీ కారేది. నెస్టోర్ వెరెకెన్ దీన్ని జాగ్రత్తగానే పట్టుకున్నాడు.’”

తీనెకె ఒక్క అక్షరం మార్చకుండా రాసుకుంది.

కొవ్వొత్తుల పండుగ నాడు పూజయ్యాక వదినా మరదళ్ళిద్దరూ దీవించిన కొవ్వొత్తులు పట్టుకుని శ్మశానానికి వెళ్ళారు. ఇంటి దగ్గర అట్ల పిండి కలిపి పెట్టి వచ్చారు, ఆ రోజు పెనం వేడెక్కని ఇల్లు ఉండకూడదని అక్కడి మాట. నెస్టోర్ సమాధి మీద చలికాలపు చిన్న పూలమొక్క ఉంది. గోదెలీవ్ కొళాయి దగ్గరున్న రేకు డబ్బా నింపుకుని వచ్చింది.

“అన్నయ్యగారూ, క్షమించండి,” అని గొణిగి, మొక్కకు నీళ్ళు పోయబోయింది. డబ్బా తేలిగ్గా ఉంది. వంచితే నాలుగు చుక్కలు రాలాయి.

మార్సెలీన్ కిందికి చూసింది. కొళాయి నుంచి సమాధి దాకా కంకర మీద తడి గీత ఉంది. అది గోదెలీవ్ బూట్ల దగ్గరికి వచ్చి ఆగింది. మేజోళ్ళు కూడా తడిసిపోయాయి.

“నేను జాగ్రత్తగానే పట్టుకున్నాను వదినా,” అంది గోదెలీవ్.

“ఆయనా అదే అన్నాడు,” అంది మార్సెలీన్. కొవ్వొత్తిని సమాధి మీద నిలబెట్టి, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డుపెట్టింది. “పద, ఇంకోసారి తీసుకురా. ఈసారి అడుగున చెయ్యి పెట్టుకో, దొరసానీ.”